కుర్చీల కోసం కార్డు గీకొద్దు

ప్రశ్న: మాది రాజమండ్రి. ప్రైవేటు ఉద్యోగం. జీతం 32,000, ఇంటి ఖర్చు 25,000. సెలవు రోజుల్లో పాత టేకు కుర్చీలు కొని, పాలిష్ పెట్టించి, కొత్త కుషన్ వేయించి అమ్ముతున్నాను. నెలకు అయిదు పోతాయి, ఒక్కోదాని మీద 1,300 మిగులుతుంది. మూతపడిన హోటల్ వాళ్లు 80 కుర్చీలు 1.6 లక్షలకు ఇస్తామంటున్నారు. పొదుపు 70,000 ఉంది. మిగతా 90,000 క్రెడిట్ కార్డు మీద నగదు తీయొచ్చా?

జవాబు: వద్దండీ. సరుకు చవగ్గా దొరికిందనగానే ఇంట్లో ఉన్నదంతా ఊడ్చి పెట్టేవాళ్లు చాలామంది. అందుకే మీ ప్రశ్న తీసుకున్నాను.

మీ లెక్కలో కుర్చీలు కొనే ఖర్చే ఉంది. ఫోమ్, రెక్సిన్, పాలిష్, కూలీ కలిపి ఒక్కోదానికి 1,200 అనుకున్నా 80కి మరో 96,000 కావాలి. అదెక్కడిది? ఇంకో కార్డా? నెలకు అయిదు చొప్పున ఈ సరుకు తీరడానికి 16 నెలలు. కార్డు మీద నగదు తీస్తే ఆ రోజు నుంచే వడ్డీ. నెలకు 3.5 శాతమైతే 90,000కు 3,150, పైన జీఎస్టీ. మీకు వచ్చే 6,500లో సగానికి పైగా బ్యాంకుకే. అసలు అలాగే ఉంటుంది. వానల్లో లక్క పాలిష్ తెల్లబారి పని ఆగినా వడ్డీ ఆగదు.

నాకు అంతకంటే భయం వేసింది ఆ 70,000 చూసి. మీరు దాన్ని పెట్టుబడి అనుకుంటున్నారు. అది మీ ఇంటికి మూడు నెలల తిండి కూడా కాదు. ఆరు నెలల ఖర్చు, అంటే 1.5 లక్షలు చేతిలో ఉండాలి. ఉద్యోగం పోతే అద్దె కింద కుర్చీ ఇస్తారా? తొందరపడి అమ్మితే కొన్న ధర కూడా రాదు. ఆ డబ్బును వేరే ఖాతాలో వేసి మర్చిపోండి. జీతంలో మిగిలే 7,000 కూడా అందులోకే. ఏడాదిలో నిండుతుంది.

హోటల్ వాళ్లను పది కుర్చీలే అడగండి. కీళ్లు కదలనివి, పుచ్చు పట్టనివి ఏరుకోండి. డబ్బు మూడు నాలుగు విడతల్లో, అమ్మకాల్లోంచే ఇస్తానని చెప్పండి. కుదరదంటే వదిలేయండి. ఆ 1.5 లక్షలు నిండాక కావాలంటే చిన్న వ్యాపారాలకు బ్యాంకులిచ్చే ముద్ర శిశు రుణం చూడొచ్చు, 50,000 వరకు తాకట్టు అక్కర్లేదు. ఫోమ్, థిన్నర్ ఇంట్లోనే పెడుతున్నట్టయితే ఆ సరుకుకు అగ్నిప్రమాద బీమా అడగండి.

కార్డు వద్దన్నాను కదా అని బంగారం తాకట్టు పెట్టేరు, అదీ వద్దు.