సెమినార్ మొత్తం బట్టీ పట్టకమ్మా, వాక్యాల మొదటి సగాలు పట్టుకో

ప్రశ్న: సార్, మాది గాజువాక. టెన్త్ దాకా తెలుగు మీడియం, ఇప్పుడు బీటెక్ సివిల్ థర్డ్ ఇయర్. విశాఖ ఆర్కే బీచ్ కోత మీద పది నిమిషాల సెమినార్ ఇవ్వాలి, ఇంగ్లీషులోనే. పోయినసారి నాలుగు పేజీలు బట్టీ పట్టి వెళ్ళాను, రెండో పేజీలో ఒక్క లైను మర్చిపోయేసరికి ఇంక నోరు పెగల్లేదు. ప్రెజెంటేషన్‌కి పనికొచ్చే ఇంగ్లీష్ మాటలు ఏవైనా చెప్పండి సార్.

జవాబు: అమ్మా, ఇది నాకు కూడా డిగ్రీ రెండో సంవత్సరంలో అయింది. రాసుకున్న కాగితం చేతిలోనే ఉంది గానీ ఎక్కడ ఆగానో వెతుక్కునేసరికి చెమటలు పట్టేశాయి, స్టేజి దిగి ఎవరి మొహం చూడకుండా నేరుగా ఇంటికెళ్ళిపోయాను. అందుకే నీ ప్రశ్నని తేలిగ్గా తీసుకోలేను.

బట్టీ పడితే ప్రతి లైనూ ముందు లైనుని పట్టుకుని వేలాడుతుంది, ఒకటి జారితే వెనకాలవన్నీ జారిపోతాయి. పోనీ అప్పటికప్పుడు తెలుగులో అనుకుని ఇంగ్లీషులోకి మార్చుకుందాం అంటే అది ఇంకో తిప్పలు. మనకి పని చెప్పే మాట చివర్లో వస్తుంది కదా, "బ్రేక్‌వాటర్ (అలల్ని ఆపడానికి సముద్రంలోకి కట్టే రాళ్ళ గోడ) ఇసుకని ఆపేస్తోంది" అంటాం, ఆపేయడం ఆఖర్న. ఇంగ్లీషులో అయితే బ్రేక్‌వాటర్ అన్న వెంటనే స్టాప్స్ అనేయాలి, ఇసుక ఆ తర్వాత. అంటే మన వాక్యంలో చివర రావాల్సినది ముందుకి లాక్కోవాలి, ఆ లాక్కునే టైములోనే మన పిల్లలందరూ అఁ... అఁ... అంటూ ఆగిపోతారు.

అందుకే నేను చెప్పేదేంటంటే వాక్యాల మొదటి సగాలు మాత్రం నోటికి వచ్చేలా చేసుకో, పది పన్నెండు చాలు. రెండో సగంలో వచ్చే మాటలు, అదే శాండ్, వేవ్స్, హార్బర్, డ్రెడ్జింగ్ (నీటి అడుగున ఇసుక తోడెయ్యడం) ఇవన్నీ నీకు ఎలాగూ వచ్చు, సబ్జెక్ట్ నీదే.

మొదలుపెట్టేటప్పుడు "గుడ్ మార్నింగ్ ఎవ్రీవన్, ఐ యామ్" అని పేరు చెప్పు. "మైసెల్ఫ్ ఫలానా" అనొద్దు, మనవైపు ఇంటర్వ్యూల్లో చాలామంది అలాగే అంటారు గానీ అది తప్పు. తర్వాత "టుడే ఐ విల్ టాక్ అబౌట్" అని టాపిక్ చెప్పు. డిస్కస్ వాడితే మాత్రం పక్కన అబౌట్ పెట్టకు, "ఐ విల్ డిస్కస్ బీచ్ ఎరోజన్" అంతే. ఆ వెంటనే "ఐ విల్ కవర్ త్రీ థింగ్స్" అని దారి చెప్పేయ్: బీచ్‌లో ఇసుక ఎందుకు తగ్గుతోంది, పోర్టు ఏం చేస్తోంది, ఇంకా ఏం చెయ్యొచ్చు. నాలుగోది గుర్తొచ్చినా ఇరికించకు.

ఒక పాయింట్ నుంచి ఇంకోదానికి వెళ్ళే చోట ఎక్కువ శ్రద్ధ పెట్టు, మార్కులు పోయేది ఎక్కువగా అక్కడే అని నా అనుభవం. ఆర్టీసీ కాంప్లెక్స్ నుంచి మధురవాడ వెళ్ళే బస్సు ఎక్కావనుకో, కండక్టర్ మద్దిలపాలెం, ఇసుకతోట, వెంకోజీపాలెం, హనుమంతవాక అని కేకేస్తూ ఉంటే కునుకు తీసేవాడికి కూడా ఎక్కడున్నామో తెలుస్తుంది కదా. నీ ముందు కూర్చున్నవాళ్ళలో కొందరి మనసు ఎటో పోయి ఉంటుంది, వాళ్ళు తిరిగి ఎక్కడానికి నువ్వు స్టాపు పేరు చెప్పాలి. "లెట్స్ స్టార్ట్ విత్ ద ప్రాబ్లమ్" అని మొదటిది, "నౌ లెట్స్ మూవ్ ఆన్ టు" అని రెండోది, "దిస్ బ్రింగ్స్ మీ టు మై లాస్ట్ పాయింట్" అని మూడోది. లాస్ట్ అన్న మాట వినగానే అందరూ సర్దుకుని కూర్చుంటారు, చూడు కావాలంటే.

ఇప్పుడు అసలు విషయం. మన తీరంలో ఏడాది మొత్తం లెక్క చూస్తే అలలు ఇసుకని ఎక్కువగా దక్షిణం నుంచి ఉత్తరానికి తోసుకెళ్తాయి, విశాఖ పోర్టుకి ఔటర్ హార్బర్ కట్టాక బ్రేక్‌వాటర్లు అడ్డమొచ్చి ఆ ఇసుక ఉత్తరాన ఉన్న ఆర్కే బీచ్‌కి సరిగ్గా చేరట్లేదు, కెరటాలు మాత్రం ఉన్న ఇసుకని పట్టుకుపోతూనే ఉన్నాయి. ఇంత పొడుగు వాక్యం ఇంగ్లీషులో చెప్పబోతే ఎవరైనా తడబడతారు. ముక్కలు చెయ్యి. "ద మెయిన్ రీజన్ ఈజ్ ద బ్రేక్‌వాటర్." ఆగు. "ఇట్ స్టాప్స్ ద శాండ్ కమింగ్ ఫ్రమ్ ద సౌత్." ఆగు. "యాజ్ ఎ రిజల్ట్, ద బీచ్ గెట్స్ లెస్ శాండ్." "దట్ ఈజ్ వై ద పోర్ట్ డ్రెడ్జెస్ శాండ్ అండ్ పుట్స్ ఇట్ బ్యాక్ ఆన్ ద బీచ్." చూశావా, నాలుగు చిన్న వాక్యాల్లో నీ సెమినార్ గుండెకాయ వచ్చేసింది. ద మెయిన్ రీజన్ ఈజ్, యాజ్ ఎ రిజల్ట్, దట్ ఈజ్ వై, ఈ మూడూ ఏ సబ్జెక్టుకైనా పనికొస్తాయి, రేపు ప్లేస్‌మెంట్స్‌లో ప్రాజెక్ట్ గురించి అడిగినా ఇవే.

గ్రాఫ్ పెట్టినప్పుడు "దిస్ గ్రాఫ్ షోస్" అని మొదలుపెట్టి అడ్డం గీత ఏంటో నిలువు గీత ఏంటో చెప్పాకే "యాజ్ యు కెన్ సీ హియర్" అని వేలు పెట్టి చూపించు. సంవత్సరాలు కూడా పైకి చదివి చూసుకో, ఔటర్ హార్బర్ వచ్చిన 1976ని నైన్టీన్ సెవెంటీ సిక్స్ అనాలి, స్టేజి మీద కంగారులో వన్ నైన్ సెవెన్ సిక్స్ అనేసేవాళ్ళని చాలామందిని చూశాను.

మాట అందకపోతే "లెట్ మీ పుట్ ఇట్ అనదర్ వే" అను, ఆ చిన్న వాక్యం పలికే లోపు బుర్రకి ఊపిరి అందుతుంది. పూర్తిగా తప్పిపోతే "లెట్ మీ గో బ్యాక్ టు ద మెయిన్ పాయింట్". మర్చిపోయావని ఎవరికీ తెలియదు.

చివర్లో "ఎనీ డౌట్స్" అని అడక్కు, డౌట్ అంటే బయటవాళ్ళకి నమ్మకం లేకపోవడం అన్న అర్థం వస్తుంది. "డు యు హావ్ ఎనీ క్వశ్చన్స్" అను. ప్రశ్న అర్థం కాకపోతే "సారీ, కుడ్ యు రిపీట్ ద క్వశ్చన్ ప్లీజ్". జవాబు తెలియకపోతే మాత్రం దయచేసి అల్లేయకమ్మా, సివిల్ సార్లకి వెంటనే దొరికిపోతావ్. "ఐ డోంట్ హావ్ దట్ ఫిగర్ విత్ మీ, ఐ విల్ చెక్ అండ్ టెల్ యు" అని, నిజంగానే చూసి మర్నాడు వెళ్ళి చెప్పు.

ఈ మొదటి సగాలన్నీ పోస్ట్‌కార్డంత అట్టముక్క మీద రాసుకుని మీ డాబా మీద నిలబడి ఫోన్లో రికార్డ్ చేసుకో. పది నిమిషాల సెమినార్‌కి ఎనిమిది నిమిషాల సరుకే పెట్టుకో. రికార్డ్ చేసేటప్పుడు పోయినసారి ఆగిపోయిన చోట కావాలనే ఆగు, మూడు అంకెలు లెక్కపెట్టుకుని, "లెట్ మీ గో బ్యాక్ టు" అంటూ మళ్ళీ అందుకో. అలా రోజుకి రెండుసార్లు, సెమినార్ రోజు దాకా.