ఫైటేట్ భయంతో పప్పులు మానేయాలా?

ప్రశ్న: నా వయసు 34. రక్తపరీక్షలో ఫెరిటిన్ (ఒంట్లో ఐరన్ నిల్వ ఎంతుందో చూపేది) బాగా తక్కువగా 9 వచ్చింది, డాక్టర్ ఐరన్ మాత్రలు రాశారు. ముడి గోధుమపిండి, పప్పులు, నువ్వులు, బాదం వీటన్నిట్లో ఫైటేట్ ఉంటుందనీ, అది ఒంట్లో ఖనిజాలను లాగేస్తుందనీ తెలిసినవాళ్లు చెబితే అవన్నీ మానేశాను. ఇప్పుడు మైదా బ్రెడ్డు, తెల్లన్నంతో సరిపెట్టుకుంటున్నాను. మాంసం తినను. మాత్ర పొద్దున టిఫిన్‌తోపాటు వేసుకుని టీ తాగుతాను. నేను చేస్తున్నది సరైనదేనా మేడమ్?
- ఒక పాఠకురాలు

జవాబు: మానేసినవన్నీ ముందు మళ్లీ మొదలుపెట్టండమ్మా. మార్చుకోవాల్సింది మాత్ర వేసుకునే వేళ. మైదాలో ఫైటేట్ తక్కువన్న మాట నిజమే. కానీ దాంతోపాటే గింజ పైపొరల్లోని ఐరన్, జింక్, మెగ్నీషియం కూడా చాలావరకు మరలోనే పోతాయి. అడ్డు తగ్గిందని సంతోషించేలోపు సరుకే తగ్గిపోతుంది.

ఫైటేట్ అంటే రేపు మొలకెత్తే మొక్క కోసం గింజ దాచిపెట్టుకున్న ఫాస్ఫరస్. ఒక్కో అణువులో ఆరు ఫాస్ఫేట్లు ఉంటాయి, ఐరన్, జింక్, కాల్షియం తగిలితే పట్టేసుకుంటాయి. కడుపులో ఆమ్లం ఎక్కువ కాబట్టి అక్కడ ఆ పట్టు వదులుగానే ఉంటుంది. చిన్నపేగులోకి దిగి ఆమ్లం తగ్గేసరికి అవి కరగకుండా పేరుకుంటాయి. కరగనిది పేగు గోడ దాటలేదు. ఈ ముడి విప్పే ఎంజైమ్ ఫైటేజ్, మన చిన్నపేగులో నామమాత్రంగానే ఉంటుంది.

ఇదంతా ఆ పూట తిన్నదాంట్లో జరిగే వ్యవహారం. మీ రక్తంలో, ఎముకల్లో ఉన్నదాన్ని ఫైటేట్ లాగేయదు. రాత్రి తిన్న పప్పు మర్నాటి మాత్రను చెడగొట్టదు. అందుకే నా దగ్గరికి వచ్చేవాళ్లను ఏం తింటున్నారని అడిగాక, దేంతో కలిపి తింటున్నారని తప్పకుండా అడుగుతాను. మీ మాత్ర ఖాళీ కడుపున వేసుకోండి, లేదా తిన్న రెండు గంటల తర్వాత. టీ కూడా ఐరన్‌కు అడ్డే, దాన్నీ దూరం పెట్టండి. కడుపులో తిప్పితే డాక్టర్‌కు చెప్పండి, మీ అంతట మీరు మానొద్దు. ఇక పప్పు తినే పూట నిమ్మరసమో, ఒక నారింజపండో ఉండేలా చూసుకోండి. విటమిన్ సి ఐరన్‌ను కరిగే రూపంలో నిలిపి ఉంచుతుంది.

జింక్ విషయంలో విటమిన్ సి ఇలా ఆదుకోదు. పైగా జీర్ణరసాలతో మన శరీరమే పేగులోకి వదిలి, తిరిగి తీసుకునే జింక్‌ను కూడా ఫైటేట్ కొంత ఆపేస్తుంది. ఐరన్ గురించి అందరూ కంగారుపడతారు, జింక్‌ను ఎవరూ అడగరు. నా బాధల్లా అదే. 1958లో ఇరాన్‌లోని షిరాజ్‌లో డాక్టర్ ఆనంద ప్రసాద్ ఒక 21 ఏళ్ల యువకుణ్ణి చూశారు. పదేళ్ల పిల్లవాడిలా ఉన్నాడు. అతని తిండి దాదాపుగా పులియబెట్టని గోధుమ రొట్టే. మనుషుల్లో జింక్ లోపం అనే సంగతి వైద్యానికి తెలిసివచ్చింది అలాంటి రోగుల వల్లే. ఐరోపా ఆహార భద్రతా సంస్థ 2014లో జింక్ అవసరాన్ని రోజూ తినే ఫైటేట్‌ను బట్టే లెక్కగట్టింది: ఫైటేట్ 300 మిల్లీగ్రాములైతే స్త్రీలకు 7.5 మిల్లీగ్రాముల జింక్ చాలు, 1200 అయితే 12.7 కావాలి.

అందుకని గింజలను వండే ముందు నానబెట్టండి. ఫైటేజ్ గింజలోనే ఉంటుంది, తడి తగిలితే పని మొదలుపెడుతుంది. వేడి తగిలితే చచ్చిపోతుంది, ఫైటేట్ మాత్రం వేడికి అంత తేలిగ్గా లొంగదు. కాబట్టి నేరుగా ఉడికిస్తే ఆ అవకాశం పోయినట్టే. పిండి పులిస్తే ఇంకా మేలు, ఆ కాస్త పులుపులోనే ఈ ఎంజైమ్ చురుగ్గా ఉంటుంది. ఓట్స్ సంగతి వేరు. వాటిలో ఫైటేజ్ అసలే తక్కువ, తయారీలో ఆవిరి తగిలి ఉన్నదీ పోతుంది. రాత్రి నానేసేటప్పుడు ఒక చెంచా ముడి గోధుమపిండి కలపండి, పొద్దున బాగా ఉడికించండి.

ఒక్క మాట. ఫెరిటిన్ 9కి దిగడానికి ఫైటేట్ ఒక్కటే కారణమని నేననుకోను. నెలసరిలో రక్తస్రావం ఎక్కువగా ఉంటే డాక్టర్‌తో దాచకుండా మాట్లాడండి.

ప్రశ్న: మొలకలను ఉడికిస్తే లాభం పోతుందా? మా అబ్బాయికి పచ్చివి సహించవు.
- మరో పాఠకురాలు

జవాబు: పోదు. మొలకెత్తేటప్పుడు విడిపోయిన ఫైటేట్ ఉడికిస్తే మళ్లీ అతుక్కోదు. విటమిన్ సి కొంత తగ్గుతుంది, అంతే. తేమలో, వెచ్చదనంలో మొలకలతోపాటు బ్యాక్టీరియా కూడా పెరుగుతుంది కాబట్టి పిల్లలకు ఉడికించి పెట్టడమే మంచిది.