ట్రైనింగ్ సరే, ఆ తర్వాత?

ప్రశ్న: మా పుస్తకంలో 'కాకినాడ ప్రయోగం' అని ఒక పేరా ఉంది. పరీక్ష కోసం బట్టీ పట్టాను గానీ అసలు అక్కడ ఏం జరిగిందో మా ఇంట్లో ఎవరికీ తెలియదు. శిక్షణ ఇస్తే మనిషికి సాధించాలన్న పట్టుదల వస్తుందా?
– ఎంబీఏ విద్యార్థిని, సామర్లకోట

జవాబు: కాకినాడ పక్కనే ఉండి మీరీ ప్రశ్న అడగడం చాలా సంతోషంగా ఉంది. కొత్తగా స్వాతంత్ర్యం వచ్చిన దేశాలన్నిటిలో 1960ల్లో ఒకటే చర్చ. డబ్బూ యంత్రాలూ ఉంటే పరిశ్రమలు వాటంతటవే వచ్చేస్తాయా, లేక నడిపే మనుషుల్ని ముందు తయారుచేసుకోవాలా అని. హార్వర్డ్ మనస్తత్వ శాస్త్రవేత్త డేవిడ్ మెక్‌క్లెలాండ్ ముందు మనుషులే అన్నాడు, ఆ మాట తేల్చుకోవడానికి 1964లో కాకినాడను ఎంచుకున్నాడు. అక్కడి వ్యాపారులు, చిన్న పరిశ్రమల వాళ్లు 52 మందిని బ్యాచ్‌లుగా హైదరాబాద్‌లోని సైట్ (SIET) అనే చిన్న పరిశ్రమల శిక్షణ సంస్థకు రప్పించి శిక్షణ ఇచ్చారు. యూసఫ్‌గూడలో ఇప్పుడు ఎన్ఐ-ఎంఎస్ఎంఈ అంటున్నది ఆ సంస్థనే. మన ప్రభుత్వం విదేశీయులకు శిక్షణ ఇచ్చే ఐటెక్ పథకం కింద ఆసియా, ఆఫ్రికా దేశాల నుంచి వచ్చే అధికారులు ఇవాళ్టికీ అక్కడ శిక్షణ తీసుకుంటున్నారు.

ఈ తరహా శిక్షణలో ఉపన్యాసాల కంటే ఆటలు ఎక్కువ. ఒక పుల్ల నిలబెట్టి దానికి పడేలా రింగులు విసరమంటారు, ఎంత దూరంలో నిలబడాలో మాత్రం మన ఇష్టం. మరీ దగ్గర నిలబడితే గెలిచినా గొప్ప లేదు, మరీ దూరమైతే పడితే అదృష్టం అంతే, కాస్త కష్టపడితే అందే దూరం ఎక్కడుందో ఎవరికి వాళ్లే కనిపెట్టాలి. ఇంకోచోట ఒక బొమ్మ చూపించి కథ రాయమంటారు. అందులోని మనిషి ఏదైనా సాధించాలని చూస్తున్నాడా, ఊరికే కూర్చున్నాడా అన్నదాన్నిబట్టి రాసినవాళ్ల ఆలోచన ఎటు పోతోందో వాళ్లకే చూపిస్తారు.

నాకు బాగా నచ్చేది ఆ తర్వాత చేసిన పని. సర్టిఫికెట్ చేతిలో పెట్టి పంపేసి ఊరుకోలేదు, వాళ్లు తర్వాత ఏం చేశారో వెళ్లి చూశారు, శిక్షణ తీసుకోని రాజమండ్రి వ్యాపారులు లాంటి వాళ్లతో పోల్చారు. కోర్సు చేసినవాళ్లలో దాదాపు సగం మంది వ్యాపారం పెంచడమో కొత్తది మొదలుపెట్టడమో చేస్తే, చేయనివాళ్లలో అది నాలుగోవంతు దగ్గరే ఆగింది. పాత ఆచారాలు, నమ్మకాలు ఉన్నవాళ్లు వ్యాపారంలో ముందుకు రాలేరన్న మాటా నిలబడలేదు.

అలాగని పట్టుదల ఒక్కటే చాలదు. అప్పు పుట్టకపోతే, కరెంటు లేకపోతే పట్టుదలేం చేస్తుంది? ఆ తర్వాత గుజరాత్ వాళ్లు ఇలాంటి శిక్షణకు ప్రాజెక్టు రిపోర్టు తయారీ, రుణం రెండూ జోడించారు. 2015లో మొదలైన కేంద్ర ప్రభుత్వ నైపుణ్య శిక్షణ పథకం పీఎం కౌశల్ వికాస్ యోజన దగ్గరకొచ్చేసరికి ఎంతమందికి శిక్షణ ఇచ్చామన్న అంకే ముఖ్యమైపోయింది. పరిశ్రమలకు ఏం కావాలో చూడకుండా టార్గెట్లు పెట్టుకున్నారని ప్రభుత్వమే వేసిన శారదా ప్రసాద్ కమిటీ కూడా తప్పుపట్టింది. చదువు మధ్యలో మానేసి మూడు నెలలు కోర్సు చేసి, ఇంటికొచ్చి ఖాళీగా కూర్చున్న పిల్లల్ని చూస్తే కడుపు తరుక్కుపోతుంది. వాళ్ల తప్పేం ఉంది ఇందులో?

ప్రశ్న: మా అబ్బాయి ఐటీఐ ఫిట్టర్ పాసయ్యాడు. ఒక ఫ్యాక్టరీ అప్రెంటిస్‌గా రమ్మంటోంది, ఇంకోచోట కాంట్రాక్టు కింద ఎక్కువ జీతం ఇస్తామంటున్నారు. ఏది మేలు?
– ఓ తండ్రి, తణుకు

జవాబు: ఇంట్లో మరీ ఇబ్బంది లేకపోతే అప్రెంటిస్‌గానే పంపండి. ఐటీఐలో ఇనుప ముక్కను ఆకురాయితో రాసి, మూల సరిగ్గా ఉందో లేదో చూసే ట్రై స్క్వేర్ ఆనించి, సందులోంచి వెలుతురు కనబడుతోందా అని చూడటం నేర్చుకుని ఉంటాడు. నడుస్తున్న యంత్రం ఆగిపోయినప్పుడు సీనియర్ ఫిట్టర్ బేరింగ్ ఊడదీస్తుంటే పక్కన నిలబడి చూడటం, డ్రాయింగ్ చూసి అలైన్‌మెంట్ సరిచేయడం ఫ్యాక్టరీలోనే వస్తాయి. కాంట్రాక్టు కింద వెళ్తే ఎక్కువచోట్ల మోతపనికే పెడతారు, ఏడాది తర్వాత చూపించుకోవడానికి ఏమీ ఉండదు.

అయితే అది నిజమైన అప్రెంటిస్‌షిప్పేనా అన్నది ముందు తేల్చుకోండి, పేరు అదే పెట్టి చవగ్గా పని చేయించుకునేవాళ్లూ ఉన్నారు. 1961 చట్టం ప్రకారం రాతపూర్వక ఒప్పందం ఉండాలి, అది ప్రభుత్వ పోర్టల్‌లో రిజిస్టర్ కావాలి, స్టైపెండ్ నిబంధనల్లో ఉన్న కనీస మొత్తానికి తగ్గకూడదు. పూర్తయ్యాక ఉద్యోగం ఇచ్చి తీరాలని చట్టంలో లేదు, ఆ భరోసాతో మాత్రం పంపకండి. కానీ పరీక్ష పాసైతే నేషనల్ అప్రెంటిస్‌షిప్ సర్టిఫికెట్ వస్తుంది, రైల్వేలో చేసినవాళ్లకైతే అక్కడి లెవెల్-1 (అన్నిటికంటే కింది స్థాయి) పోస్టుల్లో 20 శాతం కోటా ఉంది.

ప్రశ్న: మా తమ్ముడు గల్ఫ్‌లో ఏసీ మెకానిక్‌గా చేసి తిరిగొచ్చాడు. పని బాగా వచ్చు, కాగితం లేదు. సొంత షాపు పెట్టుకోవాలనుకుంటున్నాడు.
– ఓ పాఠకుడు, నిర్మల్

జవాబు: వచ్చిన పనికి పరీక్ష పెట్టి సర్టిఫికెట్ ఇచ్చే పద్ధతి ఉంది, ఆర్‌పీఎల్ (ముందే నేర్చుకున్న పనికి గుర్తింపు) అంటారు. షాపు సంగతికి మాత్రం మీ జిల్లా ఆర్‌సెటీకి (గ్రామీణ స్వయం ఉపాధి శిక్షణ సంస్థ) వెళ్లమనండి. బ్యాంకులే నడుపుతాయి, భోజనం, వసతితో సహా శిక్షణ ఉచితం, అయిపోయాక రెండేళ్లపాటు వాళ్లు మన బాగోగులు కనుక్కుంటూ ఉండాలి. లెక్కలు రాయడం, బ్యాంకుకు కాగితాలు ఎలా పెట్టాలన్నది తమ్ముడికి అక్కడే పనికొస్తుంది. లోన్ గ్యారంటీ అని ఎవరైనా ముందే డబ్బు అడిగితే పైసా ఇవ్వొద్దు, నేరుగా జిల్లాలో బ్యాంకుల పనిని సమన్వయం చేసే లీడ్ బ్యాంక్ మేనేజర్‌నే కలవండి.