ఏడాది ప్లాన్ కట్టే ముందు

చిన్నీ,

నిన్న రాత్రి మీ అమ్మ ఫోన్ చేసింది. మూడో జీతానికే పీఎస్5 కొన్నావట, టీవీకి తగిలించి ఆటలాడే ఆ ప్లేస్టేషన్. "వాడికి నువ్వైనా చెప్పు తమ్ముడూ" అంటూనే మురిసిపోతోంది. నాకూ గర్వంగానే ఉంది. మా ఇంట్లో చాప మీద కూర్చుని రెండో కంట్రోలర్ కోసం నా చేతుల వంక చూసిన పిల్లాడివి నువ్వు. కానీ దానికుండే ప్లేస్టేషన్ ప్లస్ అనే చందాలో అన్నిటికంటే పెద్ద ప్లాన్ డీలక్స్‌కి ఏడాది డబ్బు ఒకేసారి కట్టేస్తానన్నావని విన్నాక నాకు టెన్షన్ పట్టుకుంది.

పీఎస్5ని గాలి ఆడే చోట పెట్టు. అకౌంట్‌కి టూ స్టెప్ వెరిఫికేషన్ పెట్టుకో. పాస్‌వర్డ్ రూమ్మేట్‌కి ఇవ్వకు.

ఇక ప్లాన్ సంగతి. స్నేహితులతో ఆన్‌లైన్‌లో ఫుట్‌బాల్ ఆడటానికైతే ప్లస్‌లో అన్నిటికంటే చిన్న ప్లాన్ ఎసెన్షియల్ చాలు. పీఎస్3 రోజుల్లో ఆన్‌లైన్ ఆటకి డబ్బు అడిగేవాళ్లు కాదు, 2013లో పీఎస్4తో మొదలైంది. ఫోర్ట్‌నైట్ లాంటి ఉచిత ఆటలకి ఇప్పటికీ కట్టక్కర్లేదు. వందల ఆటల కేటలాగ్ కావాలంటే దాని పై ప్లాన్ ఎక్స్‌ట్రా. డీలక్స్‌లో అదనంగా వచ్చేవి పాత క్లాసిక్‌లు, కొన్ని కొత్త ఆటల ట్రయల్స్. ఆఫీసు నుంచి రాత్రి తొమ్మిదికి వచ్చేవాడివి, అవన్నీ ఎప్పుడు ఆడతావు? ముందు ఒక్క నెల ఎక్స్‌ట్రా తీసుకో. కొత్త పెద్ద ఆట ఒక్కటే దాదాపు 5,000 రూపాయలు కాబట్టి, నెలకి రెండు ఆటలు పూర్తి చేసేవాడికి అది లాభమే. అలా ఆడుతున్నావని తేలాకే ఏడాదికి కట్టు.

నా సంగతి చెప్తాను, ఓపిగ్గా చదువు. 2016లో పీఎస్4 కొన్నాను. ప్రతి నెలా ప్లస్‌లో ఇచ్చే ఆటలన్నీ లైబ్రరీలో వేసుకునేవాణ్ణి. ఏడాది తిరిగేసరికి అందులో ఇరవైకి పైగా చేరాయి. ఇన్ని ఉండగా డిస్కులెందుకని పదకొండు డిస్కులు సెకండ్ హ్యాండ్ షాపులో అమ్మేశాను. నేనూ మీ నాన్నా శనివారాలు ఆడుకునే క్రికెట్ డిస్కు కూడా వాటిలోనే పోయింది. ఆ తర్వాత నా ఉద్యోగం పోయింది, ప్లస్ గడువు తీరిపోయింది, మళ్లీ కట్టలేదు.

అదే నెలలో మీ నాన్నకి మోకాలి ఆపరేషన్ అయి మా ఇంట్లో ఉన్నారు, గుర్తుందా? కాలు కదపలేని మనిషి, ఎప్పుడూ ఏదీ అడగని మనిషి, ఆ సాయంత్రం "బావా, ఒక మ్యాచ్ వేద్దామా" అన్నారు. టీవీ ఆన్ చేశాను. క్రికెట్ డిస్కు లేదు. పోనీ వేరే ఏదైనా ఆడదామంటే ప్లస్‌లో తీసుకున్న ప్రతి ఆట మీదా తాళం గుర్తే. గడువు దాటితే అవి తెరుచుకోవని ముందే రాసి ఉంది, నేనే చదవలేదు. పర్లేదులే, వార్తలు పెట్టు అన్నారు బావ. నువ్వు తలుపు దగ్గర నిలబడి నా మొహం చూశావు. ఇప్పటికీ ఆ చూపు గుర్తొస్తే తల దించుకుంటాను.

అందుకే పట్టుబట్టి చెప్తున్నాను: ప్లస్ అద్దె ఇల్లు. హాయిగా ఉండు, నీదనుకోకు. కేటలాగ్‌లో ఉన్న ఆటలు కూడా మధ్యలో వెళ్లిపోతుంటాయి. మనుషులతో కలిసి ఆడే ఆటలు మాత్రం డిస్కు కొనుక్కో. డిస్క్ డ్రైవ్ ఉన్న పీఎస్5 కొన్నావు, చాలా మంచి పని చేశావు. ఒక్క విషయంలో ప్లస్‌ని తీసిపారేయకు. ఎంతవరకు ఆడావో గుర్తుంచుకునే పీఎస్5 ఆటల సేవ్ ఫైళ్లు విడిగా పెన్‌డ్రైవ్‌లోకి కాపీ కావు, క్లౌడ్‌లో దాచుకోవాలంటే ప్లస్ ఉండాల్సిందే.

ప్లాన్ తీసుకున్న రాత్రే ఆటో రెన్యువల్ ఆపెయ్. డబ్బు కట్ అయ్యే 24 గంటల ముందు బ్యాంకు మెసేజ్ పంపాలని ఆర్‌బీఐ రూల్ ఉన్నా, ఆ మెసేజ్‌లు ఎవరు చూస్తారురా? నీకు కోపం వచ్చినా సరే, ఆపాక నాకు ఫోన్ చెయ్.

వేళకి తిను. దసరాకి రెండో కంట్రోలర్ తెచ్చుకో, నాన్నా. నా బ్యాగులో ఒక క్రికెట్ డిస్కు ఉంటుంది. మీ నాన్నకి ఇప్పుడే చెప్పకు.

మీ మావయ్య