టెక్ సందేహాలు: పాల ఎనలైజర్ లైబ్రరీని జీపీఎల్ ప్రోగ్రామ్‌లో కలపవచ్చా?

ప్రశ్న: మాది పలమనేరు. జీపీఎల్ 3 (జనరల్ పబ్లిక్ లైసెన్స్, మూడో వెర్షన్) కింద ఉన్న ఓపెన్‌సోర్స్ బిల్లింగ్ ప్రోగ్రామ్‌ను మార్చుకుని మా పాల కేంద్రంలో వాడుతున్నాను. ఎనలైజర్ (పాలను పరీక్షించే యంత్రం) కంపెనీ ఇచ్చిన డ్రైవర్ లైబ్రరీని, అంటే యంత్రంతో మాట్లాడే రెడీమేడ్ కోడ్‌ను కలిపితే వెన్న శాతం, ఎస్ఎన్ఎఫ్ (వెన్న కాని ఘనపదార్థాల శాతం) నేరుగా బిల్లులో పడుతున్నాయి. లైబ్రరీ సోర్స్ (మనుషులు రాసిన అసలు కోడ్) మాత్రం ఇవ్వరట. దీన్ని పక్క ఊళ్ల కేంద్రాలకు అమ్మవచ్చా?

జవాబు: మీ కేంద్రంలో మీరు వాడుకోవడానికి జీపీఎల్ అడ్డు చెప్పదు. ఇంకొకరికి కాపీ ఇచ్చినప్పుడే షరతులు మొదలవుతాయి, ఊరికే ఇచ్చినా సరే. అమ్ముకోవడం తప్పేమీ కాదు. కానీ మార్చిన ప్రోగ్రామ్ మొత్తాన్ని అదే లైసెన్స్ కింద, సోర్స్‌తో సహా ఇవ్వాలి. సోర్స్ లేని లైబ్రరీని అందులో లింక్ చేశాక ఆ మాట నిలబెట్టుకోలేరు.

‘సిస్టమ్ లైబ్రరీలకు మినహాయింపు ఉంది కదా’ అని ఎవరైనా ధైర్యం చెబితే నమ్మకండి. అది ఆపరేటింగ్ సిస్టమ్‌తో, కంపైలర్‌తో వచ్చే వాటికి. ఎనలైజర్ లైబ్రరీ ఆ కోవలోకి రాదు. జీపీఎల్ 7వ సెక్షన్ కింద అదనపు అనుమతి ఇచ్చే వీలుంది గానీ, అది కోడ్ రాసినవాళ్లు ఇవ్వాలి. ఒక్కరే రాసి ఉంటే మెయిల్ పెట్టి అడగండి. పదిమంది చెయ్యి పడిన ప్రాజెక్టయితే అందరూ ఒప్పుకోవాలి, అది తేలే పని కాదు.

నన్నడిగితే ఆ లైబ్రరీనే వదిలేయండి. చాలా ఎనలైజర్లకు వెనకాల సీరియల్ పోర్టు ఉంటుంది. రీడింగ్ అయిపోగానే అంకెలు మామూలు టెక్స్ట్‌గా అందులోంచి వస్తాయి. మాన్యువల్‌లో బాడ్ రేటు (పోర్టులో డేటా వచ్చే వేగం), అంకెలు ఏ వరుసలో వస్తాయో చూసుకుంటే, చదివే కోడ్ మీరే రాసుకోవచ్చు. అప్పుడు లైసెన్స్ టెన్షనే ఉండదు.

లైబ్రరీ తప్పదంటే, దాన్ని పిలిచే చిన్న ప్రోగ్రామ్ వేరుగా రాయండి. బిల్లింగ్ కోడ్ అందులో ఒక్క లైను కూడా ఉండకూడదు. అది రీడింగ్‌ను సాకెట్‌లో (రెండు ప్రోగ్రాములు డేటా పంపుకునే దారి) పంపాలి, బిల్లింగ్ అందుకోవాలి. పైపులు, సాకెట్లతో మాట్లాడుకునేవి మామూలుగా వేర్వేరు ప్రోగ్రాములేనని జీపీఎల్ రాసిన ఫ్రీ సాఫ్ట్‌వేర్ ఫౌండేషనే చెబుతోంది. అయితే లోపలి డేటా స్ట్రక్చర్లను అటూ ఇటూ పంపుకునేంత పెనవేసుకుంటే మాత్రం రెండూ ఒకటే అనే ప్రమాదం ఉంది. మీకు కావలసింది రెండంకెలే కాబట్టి అంత దూరం పోదు.

ఇంకోవైపు కూడా చూడండి, దీన్ని చాలామంది పట్టించుకోరు: లైబ్రరీని ఇతరులకు పంచడానికి ఎనలైజర్ కంపెనీ ఒప్పందంలో అనుమతి ఉందా? లేకపోతే ఏ కేంద్రానికా కేంద్రం కంపెనీ దగ్గరే తీసుకోవాలి.