ఇండియన్ ఐడల్ తొమ్మిదో సీజన్‌లో రేవంత్ గెలిచింది గొంతుతోనా, ఓట్లతోనా?

ఎల్.వి. రేవంత్ గెలుపు తెలుగువారి ఓట్ల వల్లనే సాధ్యమైందా, అదే నిజమైతే పాడే పిల్లవాణ్ణి హిందీ పోటీకి సిద్ధం చేయడం వృథా శ్రమ కాదా అని మీరు అడిగారు. నేను నల్లగొండలో చాలాకాలంగా పిల్లలకు లలిత సంగీతం నేర్పుతున్నాను. ఆ సీజన్‌ను శిష్యులతో కలిసి శ్రద్ధగా చూశాను. ఓట్లు లేకుండా ఎవరూ గెలవరు, నిజమే. కానీ ఓట్లు లెక్కకు వచ్చే దశదాకా ఒక తెలుగు గాయకుడు నిలవాలంటే హిందీ మాటను హిందీవారు మెచ్చేలా పలకాలి. రేవంత్ దగ్గర నేను అన్నింటికంటే ఎక్కువగా గమనించింది అదే.

ఓట్ల సంగతి ముందు చెబుతాను. తొలి వడపోత సోనూ నిగమ్, అను మలిక్, ఫరా ఖాన్‌ల చేతిలో ఉండేది, ప్రేక్షకుల పాత్ర ఆ తరువాతే మొదలయ్యేది. 2017 ఏప్రిల్ 2న జరిగిన ఫైనల్‌లో రేవంత్‌తో పాటు పంజాబ్‌కు చెందిన ఖుదా బక్ష్, మన పి.వి.ఎన్.ఎస్. రోహిత్ నిలిచారు. ముగ్గురిలో ఇద్దరు తెలుగువారు ఉన్నప్పుడు తెలుగు ఓటు చీలుతుంది. మా ప్రకాశం బజారులోనే ఒక దుకాణం వారు రేవంత్ వైపు, పక్క దుకాణం వారు రోహిత్ వైపు ఉండేవారు. అలా చీలిన తరువాత కూడా రేవంత్ గెలిచాడంటే, బయటి రాష్ట్రాల శ్రోతలు కూడా అతన్ని తమవాడిగా విన్నారనే నేను నమ్ముతాను. పైగా ఈ దారి కొత్తది కాదు. 2006లో రెండో సీజన్‌లో కారుణ్య రన్నరప్‌గా నిలిచాడు, 2010లో అయిదో సీజన్‌ను శ్రీరామచంద్ర గెలిచాడు.

ఇక అసలు విషయం. తెలుగు మాట సాధారణంగా అచ్చుతో ముగుస్తుంది కనుక, పాదం చివర ఆ అచ్చు మీద గొంతు నిలిపి, గమకం వేసి, అంటే స్వరాన్ని కొద్దిగా ఊపి, తీరికగా దిగడం మనకు చిన్నప్పటి నుంచి అలవాటవుతుంది. హిందీలో చాలా మాటలు హల్లుతో ఆగిపోతాయి. అక్కడ స్వరాన్ని హల్లుకు ముందున్న అచ్చు మీదనే నిలిపి, చివరి క్షణంలో హల్లును పలికి వదిలేయాలి. మనవాళ్లు తెలియకుండానే దానికి సన్నని ఉకారం తగిలిస్తారు. శ్రుతి, తాళం ఎంత శుద్ధంగా ఉన్నా ఆ ఒక్క ఉకారంతో హిందీ శ్రోతకు పాట పరాయిదైపోతుంది. ‘బాహుబలి’లో ‘మనోహరి’ పాడిన రేవంత్ గొంతుకు పై స్థాయిలో ధాటి ఎలాగూ ఉంది. సీజన్ సాగేకొద్దీ ఈ ముగింపుల్లో కూడా శుభ్రత పెరగడం నా చెవికి స్పష్టంగా వినిపించింది.

నా దగ్గర నేర్చుకునే ఒక అమ్మాయి హిందీ పాటలను తెలుగు లిపిలో రాసుకుంటుంది. ‘నజర్’, ‘ఆవాజ్’ వంటి మాటల్లోని ఇంగ్లీషు ‘z’ లాంటి శబ్దానికి మన లిపిలో వేరే అక్షరం లేదు, కాబట్టి అక్కడల్లా ‘జ’ కింద ఎర్ర పెన్నుతో చుక్క పెట్టించాను. పాదం చివరి పొల్లులను కూడా ఎర్రగా దిద్దించాను. ఆ తరువాత పాట పక్కన పెట్టి, ఆ పంక్తులను మా వీధిలో ఉర్దూ మీడియంలో చదువుకున్న ఒక పెద్దాయనకు చదివి వినిపించమన్నాను. ఆయనకు సంగీతం రాదు, అయినా తప్పు పలికిన ప్రతిచోటా చెయ్యెత్తి ఆపేవారు. నైజాం కాలం నుంచి ఉర్దూ వినిపిస్తున్న మన జిల్లాల్లో ఇలాంటి పెద్దలు ఇంకా ఉన్నారు. ఈ వసతిని మన తల్లిదండ్రులు గుర్తించకపోవడం నాకు నిజంగా బాధ కలిగిస్తుంది.

మీ అబ్బాయికి పన్నెండేళ్లని రాశారు. తెలుగులోనే పాడాలనుకుంటే 2022లో మొదలైన తెలుగు ఇండియన్ ఐడల్ లాంటి వేదికలు ఉన్నాయి, అక్కడ ఈ భాషా శ్రమ అవసరం లేదు. హిందీ మీదనే మనసుంటే మాత్రం కొంతకాలం కరోకే ట్రాకులు, అంటే గొంతు లేకుండా వాద్యాలు మాత్రమే ఉండే రికార్డింగులు, మాన్పించండి. ఆడిషన్లలో చాలాసార్లు వాద్యాలు లేకుండానే పాడమంటారు, ట్రాకుకు అలవాటుపడిన పిల్లలు అక్కడ శ్రుతి ఎక్కడ పట్టుకోవాలో తెలియక తడబడతారు. తంబూరా శ్రుతి ఒక్కటే పెట్టి, ఒకే పాటను ముందు వచనంలా చదివించి, తరువాత పాడించండి. ఆ పాట కూడా అతని గొంతుకు పై స్థాయిలో ఇబ్బంది లేనిదై ఉండాలి. ఈ వయసులో త్వరలోనే గొంతు మారడం మొదలవుతుంది, అప్పుడు పై స్థాయి పాటలతో బలవంతపెట్టకండి.