ఒకే దేశం, రెండు వానకాలాలు

ప్రశ్న: నవంబరులో మా పెళ్లి. 10 రోజుల హనీమూన్‌లో థాయిలాండ్‌లోని ఫుకెట్, ఫి ఫి, లంటా, సముయ్ దీవులన్నీ చూడగలమా?

జవాబు: చూడగలరు గానీ, సగం కాలం పడవల రేవుల్లోనే గడిచిపోతుంది. పైగా, పడమట అండమాన్ సముద్రంలో ఉన్న ఫుకెట్, ఫి ఫి, లంటా దీవుల్లో మే నుంచి అక్టోబరు దాకా కురిసిన వానలు నవంబరుకు తెరిపినిస్తుండగా, తూర్పున గల్ఫ్ ఆఫ్ థాయిలాండ్‌లో ఉన్న సముయ్‌లో సరిగ్గా ఆ నెలలోనే ముమ్మరిస్తాయి కాబట్టి, దానిని ఈసారికి వదిలేయండి. మిగిలిన మూడింటిలోనూ లంటాకే ఎక్కువ రాత్రులు కేటాయిస్తే, పెట్టెలు విప్పి సర్దే పని (కొత్త దంపతుల తొలి తగవు తరచూ ఇక్కడే!) తగ్గుతుంది. ఫి ఫి రేవులో కార్లుండవు. సామాను తోపుడుబండి మీద వెళ్లాలి, లేదా మీరే మోయాలి, కనుక వీపు సంచులే మేలు. సముద్రం అల్లకల్లోలమైతే పడవలు ఆపేస్తారు గనుక, తిరుగు విమానానికి ముందురోజే ఫుకెట్ చేరుకోండి.